ఆది లేని దిండు

“ఇది దిండేనా అమ్మా, ఇంకేమైనానా?” అన్నాడు కాంతారావు, ఫోము ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

గుడివాడలో ముప్పై ఐదేళ్లుగా సోఫాలకీ కుర్చీలకీ కవర్లు కుడుతున్న మనిషి. గుండ్రటివీ, మూడు మూలలవీ, పడవలాంటివీ ఎన్నో చూశాడు. ఇంత వంకరది మాత్రం ఇప్పుడే చూడటం. వెనక ఎడమవైపు నాలుగంగుళాల ఎత్తు. అక్కడి నుంచి జారుకుంటూ వచ్చి, కుడివైపు ముందు మూలకి అంగుళం కూడా లేదు. ఆ మూలని కూడా గుండ్రంగా తొలిచేశారు.

తెచ్చిన అమ్మాయి పేరు తేజస్విని, పాతికేళ్లుంటాయి. సంచిలోంచి పెడన కలంకారీ గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. ఓ పెద్దాయన కోసమట. పొద్దస్తమానం కూర్చుని చేసే పనట, నడుం పట్టేసి లేవడానికి అవస్థ పడుతున్నాడట. ఈ వయసులో నడుం ఎవరికి బాగుందిలే అని కాంతారావు ఆది అడిగాడు. జాకెట్టుకి ఇచ్చినట్టే దిండుకీ పాతదొకటి ఆదిగా ఇవ్వకపోతే అతను కత్తెర పట్టడు.

“ఆది లేదండీ. కోసినాయన కొలతే తీసుకోలేదు. కళ్లు మూసుకుని కోసేస్తానన్నారు.”

“ఎవరమ్మా అంత మొనగాడు?”

“బంటుమిల్లి రోడ్డులో సామ్యేలు గారు. కుట్టడానికి మాత్రం మీ దగ్గరికే వెళ్లమన్నారు. దీనికి మీ చెయ్యే పడాలంట.”

కాంతారావు టేపు తీసి మెడలో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు.

సామ్యేలు ఈ షాపులోనే ఇరవై ఏళ్లు పనిచేశాడు. కాంతారావు కుట్టేవాడు, పక్కనే బల్ల దగ్గర అతను ఫోము కోసేవాడు. ఆరేళ్ల కిందట ఓ డాక్టరు గారి సోఫాకని తెచ్చిన వెల్వెట్ తాను కనపడలేదు. కంగారులో కాంతారావు నలుగురి ముందూ “నీ సంచీ విప్పరా” అనేశాడు. సామ్యేలు విప్పాడు. అన్నం క్యారేజీ తప్ప అందులో ఏమీ లేదు. ఆ క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయినవాడు మళ్లీ గుమ్మం తొక్కలేదు. నాలుగో రోజున ఆ వెల్వెట్ తాను బీరువా వెనక దొరికింది. వెళ్లి ఒక్క మాట చెప్పి రండని భార్య సుగుణ పోరింది. రేపు వెళ్తానన్నాడు. ఆ రేపు ఆరేళ్లయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారే, ఆ మాట ఎవరికైనా ఒకర్ని బాధపెట్టేశాకే గుర్తొస్తుంది.

కాంతారావు దిండు కింద కాగితం పరిచి పెన్సిలు గీశాడు. చుట్టూ వేసే పట్టీ ఒక వెడల్పున ఉంటే లాభం లేదు. ఎడమవైపు వెడల్పుగా మొదలై కుడివైపుకి సన్నబడుతూ రావాలి. గీస్తూ గీస్తూ ఆగాడు.

“కుడికాలు ఎప్పుడూ కిందికి దిగి ఉండాలి ఈయనకి. దేన్నో తొక్కుతూ ఉండాలి. బస్సు డ్రైవరేనా?”

“అలాంటి పనే అనుకోండి,” అంది తేజస్విని. గురువారం వస్తానని చెప్పి వెళ్లింది.

మొదటిసారి కుట్టిన కవరు తొలిచిన మూల దగ్గర ముడతపడింది. విప్పాడు. దిండు కన్నా అరంగుళం తక్కువ కోస్తేనే కవరు బిగువుగా కూర్చుంటుంది. అది తెలిసే కోశాడు, అయినా కుదరలేదు. ఇదివరకు ఇలాంటి చోట రెండో కొస సామ్యేలు పట్టుకునేవాడు. మూలలో కత్తెరతో చిన్న చిన్న ఘాట్లు పెట్టి, మిషను తొక్కి మళ్లీ కుట్టాడు. మళ్లీ విప్పాడు. ఇంకొకరి దిండైతే ఆ ముడతని చేత్తో సర్ది ఇచ్చేసేవాడేమో. దీన్ని సామ్యేలు చూస్తాడు. ఇన్నాళ్లూ నోటితో చెప్పలేనిది కనీసం ఈ కుట్టులోనైనా అతనికి కనపడాలి. మూడోసారికి కుదిరింది.

గురువారం తేజస్విని వచ్చేసరికి కాంతారావు ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. దిండుని ఆమె ముందు పెట్టాడు. ఎక్కడా ముడత లేదు.

“నేనూ వస్తానమ్మా. దీన్ని సామ్యేలుకి చూపించాలి. చూపించి…” దిండు మీద లేని ముడతని చేత్తో సర్దాడు. “దొంగని కానివాణ్ణి నలుగురిలో దొంగని చేశాను. తప్పు నాది. ఆ మాట నా నోటితోనే చెప్పాలి. నన్ను రానిస్తాడంటావా?”

తేజస్విని తల ఊపింది.

“అయితే ముందు ఆ డ్రైవరు గారింటికే పోదాం. మనిషి కూర్చుంటేగానీ దిండు సంగతి తేలదు. సరిపోయిందని తెలిస్తే ఆ కబురుతో సామ్యేలు దగ్గరికి వెళ్తాను. ఆయన ఎక్కడుంటారు?”

ఆమె దిండు అందుకోలేదు.

“మీరే కూర్చోండి మావయ్యగారూ, మా మావగారు అది మీకే కోశారు.”