కెనడా మీద చర్చ

కెనడాను అమెరికా కలిపేసుకుంటే తప్పేందని మధులత అనగానే టీవీ ప్యానెల్లో కూర్చున్న జర్నలిస్టులంతా ఒక్కసారే గోల చేసిన్రు. పేదోళ్ల పక్షాన రాసే ఈమె ఇట్ల మాట్లాడుతుందేంది?

భద్రాచలం అడవి అంచున ఆమె తల్లి దున్నుకునే పోడు చేనును కబ్జా పెట్టింది ఈ ఛానల్ ఓనరు ప్రేమ్‌సాగరే. ఆ చేను ఎవరిదో కూడా అడగని పెద్దమనిషి. ఇయ్యాల లైవ్‌లో న్యాయం చెప్పేదీ ఆయనే.

"బలమున్నోడు సుంకాలు వేస్తడు, భూమి అడుగుతడు. కెనడా నోరు మూసుకోవాలె సార్," అంది మధులత.

"ఏం మాట మేడం అది? పక్కోడి భూమి గుంజుకునేటోడు దొంగ!" ప్రేమ్‌సాగర్ బల్ల గుద్దిండు.

"గుంజుకున్న భూమికి కంచె గూడ వేస్తే?"

"పీకి పారెయ్యాలె! ఎవర్నీ అడిగే పనే లేదు!"

"ఇది లైవే కద సార్?"

"అవ్, ఖమ్మం నుంచి చర్ల దాకా చూస్తున్నరు."

మధులత కెమెరా వైపు తిరిగింది.

"అమ్మా, విన్నవా? మన చేనుకు కంచె వేయించిన ప్రేమ్‌సాగర్ సారే పీకమంటుండు. చేను కాడ ఫోన్లల్ల చూస్తున్నోళ్లంతా గడ్డపారలు అందుకోండ్రి."