ఆదివారం కవాతు

వీధిలో లారీ టైరు ఢామ్మని పేలింది.

టైలరమ్మ మిషను తొక్కడం ఆపేసింది. కూతురు పుస్తకం పక్కన పడేసింది. పప్పులో రాళ్లేరుతున్న అత్తగారు చేట వదిలి లేచింది. డాబా మెట్ల మీద బరువైన అడుగులు, పరుగు పరుగున దిగుతున్నాయి.

"అమ్మా, వచ్చేస్తున్నాడు! పరుపు, పరుపు!" అంది కూతురు.

కిందటేడు ఇలాంటి మధ్యాహ్నమే ఆ పిల్ల చెయ్యి విరిగింది. ఆవేళ ముగ్గురూ తలో దిక్కుకీ పరిగెత్తి, విడివిడిగా దొరికిపోయారు. పిల్ల చేతికి కట్టు చూసి పటాలానికి ముద్ద దిగలేదు. పటాలమంటే టైలరమ్మ మొగుడు. సైన్యంలో చేసి వచ్చాడని వీధంతా కలిసి పెట్టిన పేరు అది.

అప్పుడు మొదలైంది ఇంట్లో ఆదివారం కవాతు. అబ్బో, ఆ తంతు చూసి తీరాలి! సైనికులు డాళ్లు పట్టుకుని గదిలోకి చొరబడే పద్ధతిని పటాలం ఇంట్లో పరుపుకి కుదించాడు. ఇద్దరు పరుపు నిలబెట్టి ఎదుటి మనిషిని మూలకి నెట్టాలి. మూడో మనిషి పక్కనుంచి చేతిలోది లాగేయాలి.

"మొహం చూడొద్దు. చేతులే చూడండి. మొహం చూశారో, మీకు చేతులాడవు," అనేవాడు.

"ఈ వయసులో నాకీ యుద్ధాలేంట్రా నాయనా?" అని ముసలావిడ గొణిగేది.

"కుడిపక్క ఖాళీ వదలొద్దమ్మా! ఇదిగో, మళ్లీ వదిలావ్!" అని కొడుకు కసిరేవాడు.

"పోలీసులకి ఫోన్ చేస్తే సరిపోదా నాన్నా?" అని ఓసారి కూతురు అడిగింది.

"వాళ్లొచ్చేలోపు అంతా అయిపోతుంది తల్లీ," అని మొహం తిప్పుకున్నాడు. "ఈసారి మీలో ఎవరికి చిన్న దెబ్బ తగిలినా నేనీ ఇంట్లో ఉండను. ఒట్టు."

అన్నంత పనీ చేసే మనిషి. ఆయన లేని ఇల్లు తలపుకొస్తే చాలు, టైలరమ్మ అత్తగారి చేత మళ్లీ పరుపు పట్టించేది.

తలుపు భళ్లున తెరుచుకుంది.

"కింద పడుకోండి! ఎవరు కదిలినా చస్తారు!"

ఆ చేతిలో పైపులు బిగించే పానా.  టైలరమ్మ పరుపు వదల్లేదు.

"నెట్టండత్తయ్యా!"

పానా పరుపుని చీల్చింది. దూది రేగింది. ముసలావిడ కాలు జారి కుడిపక్క ఖాళీ పడింది. ఆ సందులోంచి ఓ మోచెయ్యి దూసుకొచ్చి టైలరమ్మ పెదవి చితక్కొట్టింది.

"అయిపోయాంరా దేవుడా!" అని ఏడ్చింది ముసలావిడ. ఏడుస్తూనే నెట్టింది.

మనిషి వీపు గోడకి ఆనింది. కూతురు పక్కనుంచి దూరి పానా లాగేసింది. టైలరమ్మ చేతులు మాత్రమే చూస్తూ, మిషను మీది నాడా అందుకుని రెండు మణికట్లూ బిగించి కట్టేసింది. తర్వాత ముగ్గురూ పరుపుని వీపులతో అదిమి, రొప్పుతూ కూలబడ్డారు.

"అమ్మా, రక్తం..."

"ష్! ఏం కాలేదు. నాన్న అడిగితే మిషనుకి తగిలిందని చెప్పు." పెదవి లోపలికి మడిచి, చేత్తో రక్తం తుడిచేసుకుంది.

టైరు మోతకి పూనిన యుద్ధం దిగిపోయినట్టు, గోడవైపు రొప్పు మెల్లగా తగ్గింది. చేతులు కట్టేసి ఉన్న మనిషి పరుపు పక్కనుంచి తల బయటికి చాపి, టైలరమ్మ పెదవి చూసి, ముసలావిడ వైపు తిరిగి, "కుడిపక్క మళ్లీ ఖాళీ వదిలేశావు కదమ్మా," అని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.