ముప్పై ఒకటో నెంబరు

"నెంబరు మార్చుకోవాల్సింది నేను కాదని ఆయనకి చెప్పు స్టోరక్కా!" అని అరిచాడు చిన్నల్లుడు.

ఆ 'ఆయన' మూడడుగుల దూరంలోనే ఉన్నాడు.

"నా చెవులు బాగానే ఉన్నాయని వాడికి చెప్పమ్మా. ముందు పెట్టింది నేను. వెనక పెట్టినవాడే మార్చుకోవాలి" అన్నాడు పెద్దల్లుడు గోడకేసి చూస్తూ.

స్టోరు చూసుకునే ఆవిడ ఒళ్లో ఉన్న వైరు చుట్ట చిక్కు తీసుకుంటోంది. ఈ రాయబారం ఆవిడకి రోజూ ఉన్నదే.

వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్ల మొగుళ్లు. ఫ్యాక్టరీలో అందరూ పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుస్తారు. షెడ్డుకి ఈ కొస మీటర్లు పెద్దల్లుడివి, ఆ కొసవి చిన్నల్లుడివి, మధ్యలో స్టోరు. ఒకే ఇంటి అల్లుళ్లు, ఒకే కేబుల్ మీద పని, మాటలు మాత్రం ఏడాదిగా లేవు.

ఆ కేబుల్ సంగతీ చెప్పాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే కేబుల్, దాని మీద వరసగా మీటర్లు. ప్రతి మీటరుకీ ఒక నెంబరు. కంట్రోల్ రూము ఆ నెంబరుతో పిలిస్తే ఆ మీటరు పలుకుతుంది. ఒకే నెంబరు రెండింటికి పెట్టారా, రెండూ ఒకేసారి పలికి లైనంతా ఆగిపోతుంది. నిన్నటిదాకా ముప్పై మీటర్లూ బుద్ధిగా పలికాయి. ఇవాళ పొద్దున చెరొక కొసకీ ఒక కొత్త మీటరు వచ్చింది. ముప్పై తర్వాత ముప్పై ఒకటే కదా అని పెద్దల్లుడు తనదానికి ముప్పై ఒకటి పెట్టాడు. చిన్నల్లుడూ అదే పెట్టాడు. "నువ్వెంత పెట్టావు?" అని ఇద్దరిలో ఒక్కడు అడిగి ఉంటే సరిపోయేది. అమ్మో, అడిగితే పరువు పోదూ!

"సిగ్గుగా లేదూ మీకు?" అంటూ కంట్రోల్ రూము మెట్లు దిగి వచ్చింది ఇంజినీరమ్మ. "నాలుగింటికి కంపెనీ పెద్దవాళ్లొచ్చి లైను నడిపించి చూస్తారు. ఇప్పుడు మూడున్నర. మీటరు మీద బుల్లి చక్రం ఒక్క గాటు తిప్పితే ముప్పై రెండవుతుంది. దానికింత పంచాయతీయా?"

"ఒక్క గాటే కదా మేడం, వాడినే తిప్పమనండి."

"నేను తిప్పితే తప్పు నాదని ఒప్పుకున్నట్టేగా! చస్తే తిప్పను. ఆయన్నే తిప్పుకోమనండి. పెద్ద వయసు, చేతులకి కాస్త వ్యాయామం."

"నోరు అదుపులో పెట్టుకోమనమ్మా వాడిని! మామగారి మొహం చూసి ఊరుకుంటున్నాను."

"ఊరుకోకపోతే ఏం పీకుతాడో అడుగు స్టోరక్కా!"

"ఆపండి!" ఇంజినీరమ్మ చేతిలోని వాకీటాకీని స్టోరక్క బల్ల మీద ఠప్పున పెట్టింది. "మీలో ఎవరు మార్చాలో నేను చెబితే, ఎవరి పక్షమని దానికో గొడవ. మీటరు మూత తీయడానికి వీలుగా కరెంటు తీసేస్తున్నాను. పది నిమిషాల్లో మళ్లీ వేస్తాను. అప్పటికీ లైను పలక్కపోతే ఇద్దరూ గేటులో కార్డులిచ్చేసి పోండి. రేపట్నుంచి మీ మొహాలు నాకు కనిపించకూడదు."

ఆవిడ వెళ్లిపోయింది. కరెంటు పోయి షెడ్డంతా చల్లారిపోయింది.

"ఉద్యోగం పోతే పోనీ. నేను వంగను" అన్నాడు చిన్నల్లుడు.

"ఇక్కడ వంగేవాడెవడూ లేడని చెప్పమ్మా" అన్నాడు పెద్దల్లుడు. ఇద్దరూ చెరో వైపుకి నడిచారు.

పెద్దల్లుడు తన కొత్త మీటరు ముందు నిలబడి కసిదీరా తిట్టుకున్నాడు. వాడు తిప్పడు. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అలాగని తనూ బిగుసుకు కూర్చుంటే రెండు కొంపలూ ఒక్క రోజే మునుగుతాయి. తన భార్య తిట్టి ఊరుకుంటుంది. మరదలో? "ఆయనకి ముక్కుమీద కోపం బావా, నువ్వే కాస్త కనిపెట్టుకుని ఉండాలి" అన్న పిల్ల. దానికేం చెబుతాడు?

ఎవరూ చూడటం లేదని చూసుకుని మూత తీశాడు. స్క్రూడ్రైవర్ మొనతో చక్రాన్ని ఒక్క గాటు తిప్పాడు. ముప్పై రెండు. ఒళ్లు మండిపోయింది.

"నీ కోసం కాదురా, మొండి వెధవా" అని గొణిగి మూత బిగించాడు.

కరెంటు వచ్చింది. లైను ఆగితే వెలిగే ఎర్రదీపం స్తంభం మీద మళ్లీ గిర్రున తిరిగింది. లైను పలకలేదు.

పెద్దల్లుడికి మతిపోయింది. స్టోరు వైపు పరుగెత్తాడు. అవతల నుంచి చిన్నల్లుడూ రొప్పుతూ వచ్చాడు. పెద్దల్లుడు సరాసరి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఇంకా ఏం కెలికావురా?"

"నేనా? కెలికింది నువ్వు! అక్కడ నిలబడి ఏం చేశావసలు?"

ఏడాది తర్వాత నేరుగా మాట్లాడుకుంటున్నారని ఇద్దరికీ తోచలేదు. స్టోరక్క చేతిలో వైరు చుట్ట జారి కింద పడింది. బల్ల మీద వాకీటాకీ గరగరలాడింది.

"కార్డులిచ్చేసి పోండి ఇద్దరూ!" అంటోంది ఇంజినీరమ్మ గొంతు. "ముప్పై ఒకటీ అని పిలిస్తే ఒక్కటీ పలకదు, ముప్పై రెండూ అంటే రెండూ పలుకుతున్నాయి!"