వెటకారం మామ తిరిగొచ్చిన ఆదివారం

రండి, ఇటు జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపితే ఓ సంగతి చెప్తా. అబద్ధమని తేలితే నా నాలుక మీద మీరే వాత పెట్టండి.

మా వీధిలో ఒక సెలూనాయన ఉన్నాడు. వెటకారం మామంటే ఆయనకి ప్రాణం.

వెటకారం మామంటే ఎవరో కాదు, టీవీలో అర్ధరాత్రి పూట బల్ల వెనక కూర్చుని పెద్దపెద్దోళ్లని ఉతికి ఆరేసేవాడు. ఉంగరాల విగ్గు, పెట్టుడు మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆయన నోరు తెరిస్తే మంత్రులు మంచాల కింద దూరేవాళ్లు.

ఆ ప్రోగ్రాం పన్నెండేళ్లు నడిచి ఉన్నట్టుండి ఆగిపోయింది. మూడేళ్లు గడిచాక పాత ఛానెల్ వాళ్లు ఆ ప్రోగ్రాం హక్కులన్నీ కొత్త ఛానెల్‌కి అమ్మేశారు. మామ మళ్లీ వస్తున్నాడని ఊరంతా ఒకటే ఊదర.

సెలూనాయన ఇంటావిడ చేత చీవాట్లు తిని మరీ ఆ ఛానెల్ పెట్టించాడు. రాత్రి మేలుకుంటే పొద్దున కత్తి వణుకుతుందని, ఆదివారం పొద్దున మళ్లీ వేసేదే చూస్తాడు.

ఆ ఆదివారం షాపు కిటకిట. ఈగ లోపలికి రావాలంటే దోమ బయటికి పోవాల్సిందే.

అప్పుడొచ్చాడు ఒక బట్టతలాయన. గుబురు గెడ్డం. నున్నగా గీసెయ్యమన్నాడు. జేబులో ఓ కాయితం ఉందనీ, సంతకం పెట్టాలో, పెట్టకుండా కోర్టుకెక్కాలో ఈ ప్రోగ్రాం చూశాకే తేల్చుకుంటాననీ అన్నాడు.

సెలూనాయన ఆ మాట చెవిన పెడితేగా. మామ గొప్పలు ఎత్తుకున్నాడు. మామ దగ్గితే చాలు, నిద్రలోనైనా పోల్చుకుంటానన్నాడు. ఓసారి మామ జోకుకి తను నవ్విన నవ్వుకి అద్దం పగిలి, ఎదురు మేడ మీది పావురాలు వేరే ఊరు వలసపోయాయన్నాడు.

బట్టతలాయన మొహం విచ్చుకుంది. "నిజంగా పోల్చుకుంటావా తమ్ముడూ?"

"నా చెయ్యి నేను పోల్చుకోనా అన్నా?"

టీవీలో మామ వచ్చేశాడు. అదే విగ్గు, అదే మీసం, అవే కళ్లద్దాలు. షాపంతా చప్పట్లు.

మొదటి జోకుకే సెలూనాయన కత్తి పక్కన పెట్టి పొట్ట పట్టుకున్నాడు.

బట్టతలాయన నవ్వలేదు. అది అలా చెప్పకూడదన్నాడు. ఆఖరి మాటకి ముందు కాస్త ఆగాలని, అదే జోకు తను చెప్పి చూపించాడు.

ఒక్కడూ నవ్వలేదు.

"తల కదపకన్నా, తెగుతుంది. జోకులు ఆయనకొదిలెయ్," అన్నాడు సెలూనాయన.

నురగ మధ్యలోంచి రెండు కళ్లే కనబడుతున్నాయి.

"సరిగ్గా చూడు తమ్ముడూ. అప్పట్లో చేసినాయనేనా?"

"ఆయనే, ఒట్టు. అప్పటికంటే హుషారుగా ఉన్నాడు కూడా."

అంటూనే ఆఖరి గీత గీశాడు. చుక్క రక్తం రాలేదు గానీ, కోసినట్టే అయింది ఆయన మొహం.

లేచి మొహం తుడుచుకున్నాడు. జేబులోంచి ఆ కాయితం రెండు కాపీలు తీసి సంతకం పెట్టాడు. సాక్షి కావాలంటే సెలూనాయన చదవకుండానే తడిచేత్తో గెలికేశాడు, కళ్లు టీవీ మీదే.

"ఒకటి నీ దగ్గరుంచు. సాక్షివి గదా," అన్నాడు బట్టతలాయన.

రెండోది బయట కార్లో కూర్చున్న టై కట్టినాయనకిచ్చి, తను నడుచుకుంటూ సందు తిరిగిపోయాడు.

ప్రోగ్రాం అయ్యాక, గెడ్డానికని వచ్చి కూర్చున్న మందుల షాపాయన ఆ కాయితం అందుకున్నాడు. డాక్టర్ల గిలుకుళ్లే చదివేవాడికి ఇదెంత?

"వెటకారం మామ పేరు, విగ్గు, మీసం, మాట తీరు, అన్నీ కొత్త ఛానెల్‌వే. ఆ వేషం ఎవరు వేసుకున్నా నాకు పేచీ లేదు. ఇట్లు, పన్నెండేళ్లు ఆ వేషం వేసినవాణ్ణి."

సెలూనాయన తువ్వాలు భుజానే ఉండగా రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఈ చివరా లేడు, ఆ చివరా లేడు. తిరిగొచ్చి కూలబడ్డాడు.

"పావుగంట సేపు ఆయన మొహం నా చేతుల్లోనే ఉంది."



పక్క కుర్చీలో తాత ఓదార్చాడు. "ఊరుకోరా, ఆయన అయ్యుండడు. ఇతను నడిచెళ్లాడు గదా? పన్నెండేళ్లు చూశాన్నేను, మామకి నడుం కింద బల్లే."