కొట్టేసిన పేరు

నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది. ఎక్కడైనా ఒత్తులు తప్పిపోయుంటే మన్నించండి. ఈ కొంచెం రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇది మారికుప్పం లైన్లో జరిగింది. లైనంటే గని కూలీల కోసం వరసగా కట్టిన చిన్న ఇళ్లు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చిన్నవెంకటమ్మ ఇంటి ముందు ఒక ముసలాయన ఆగాడు.

భుజానికి గుడ్డసంచి. అందులో నల్ల అట్టల లావుపాటి పుస్తకాలు.

పక్కింటి నాగరత్న వాటిని చూసి, అవి లాయర్ల పుస్తకాలనీ, ఈయన ఇళ్లు ఖాళీ చేయించే కోర్టు అమీనా అయి ఉంటాడనీ చిన్నవెంకటమ్మ చెవిలో ఊదింది.

ఆ వారమంతా లైన్లో ఒకటే మాట. మగవాడు లేని ఇళ్లు ఖాళీ చేయిస్తారట. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

చిన్నవెంకటమ్మ ఇంట్లో మగవాడు లేక అప్పటికి ఇరవై మూడేళ్లు.

భర్త పిల్లప్ప కాంట్రాక్టు కూలీగా గనిలో దిగాడు. బండ కూలింది. శవం కూడా పైకి రాలేదు. ఆ రోజు అతను పనికే రాలేదన్నాడు కాంట్రాక్టరు.

ముసలాయన నీళ్లడిగి తాగాడు. సంచి అరుగు మీద పెట్టి నోటుబుక్కు తీశాడు.

"పిల్లప్ప ఇల్లు ఇదే కదమ్మా?"

"ఎందుకు?"

"గనిలో పోయిన కాంట్రాక్టు కూలీల పేర్లు రాస్తా ఉండాను. ఎవరింట్లో ఎవరు పోయినారో."

ఆ పేర్లు ఏ కాగితంలోనూ లేవనీ, పేరే లేని మనిషికి న్యాయం అడగడం కుదరదనీ, అందుకే ఈ వయసులో చట్టం పుస్తకాలు చదువుతున్నాననీ ఆయన ఇంకా ఏదో చెప్పాడు.

ఆమె చెవికి ఎక్కింది ఒక్కటే. ఎవరింట్లో ఎవరు పోయారో రాసుకుంటున్నాడు.

"మా ఇంట్లో ఎవురూ పోలేదు" అంది. "ఆయన ఉండాడు."

పెన్ను ఆగింది.

"పిల్లప్ప ఉండాడా?"

"మాలూరులో. ఇటుకబట్టీలో పని."

"నువ్వు చూసినావామ్మా? కండ్లారా?"

నాగరత్న అందుకుంది. "మొన్న ఉగాదికి వచ్చినాడు కదప్పా. నాలుగు ఒబ్బట్లు తిని పోయినాడు."

"వాడు తీపి ముట్టడే" అన్నాడు ముసలాయన.

"వయసైనాక నాలుక మారదా ఏమి? కావాలంటే మీ ఇంట్లో ఆడోళ్లను అడిగి చూడు."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద కూలబడ్డాడు. తుండుతో కళ్లు తుడుచుకున్నాడు.

నోటుబుక్కులో మొదటి పేజీ తీసి, మొదటి పేరు కొట్టేశాడు. ఒక్క గీత చాలలేదేమో, మూడు గీశాడు.

పోతూ పోతూ చిన్నవెంకటమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆయన మలుపు తిరగ్గానే ఆడవాళ్లిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. అమీనాకే ఒబ్బట్టు తినిపించామని నాగరత్న లైనంతా చెప్పుకుంది.

ఇళ్లు ఖాళీ చేయించడానికి ఎవరూ రాలేదు. ఆ మాట ఉత్తదే.

రెండేళ్లకు శశికళ టీచరు లైన్లో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. అందరికంటే వెనకబడింది చిన్నవెంకటమ్మే. తన పేరు రాయడం వచ్చాక, పిల్లప్ప పేరు రాయించమని అడిగి నేర్చుకుంది.

పోయిన నెల టీచరు ఒక పుస్తకం తెచ్చింది. గనిలో పోయి, ఏ లెక్కలోకీ రాని కూలీల చరిత్ర. చివర నూట పన్నెండు పేర్లు. ఆ పేర్లతోనే ఒక లాయరమ్మ కోర్టుకు పోతోందట.

చిన్నవెంకటమ్మ వేలు పెట్టి నూట పన్నెండూ చదివింది.

మళ్లీ మొదటి నుంచి చదివింది.

పిల్లప్ప లేడు.

చేర్పించడానికి ఏం చేయాలని అడిగింది. ఆ రోజు ఆయన గనిలోకి దిగడం చూసినవాళ్లు ఒక్కరు చెప్పినా చాలంది టీచరు.

అలా చూసినవాళ్లు ఎవరున్నారో ఆమెకు తెలియదు. పుస్తకం రాసినాయనకు తెలిసి ఉంటుంది, ఆయన దగ్గరకు తీసుకుపొమ్మంది.

అట్ట వెనక ఆయన ఫోటో ఉంది. అప్పుడు చూసింది. అదే ముఖం, భుజాన అదే సంచి.

"జయరాం గారు యాడుండారక్కా ఇంగ" అంది టీచరు. "పోయినేడు మాలూరులో పోయినారు."

"మాలూరులో ఏమి పని ఆయనకు?"

"ఎవురినో వెతుకుతా ఇటుకబట్టీలన్నీ తిరిగినారంట. ఎండదెబ్బ తగిలింది. నీకు తెలుసా ఆయన?"

"తెలీదు" అంది చిన్నవెంకటమ్మ.

అది రెండో అబద్ధం.

పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. జయరాం తన గురించి రాసుకున్నది చివరి పేజీలో ఒక్క వాక్యమే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

"ఆ రోజు గనిలోంచి మనుషుల్ని పైకి లాగే బోనులో ఒక్క మనిషికే చోటు మిగిలితే, పిల్లప్ప నన్ను అందులోకి తోసి తను కిందే నిలబడిపోయాడు; అతను బతికే ఉన్నాడని అతని భార్య చెప్పిన రోజున, ఇరవై మూడేళ్ల తర్వాత నేను కడుపు నిండా అన్నం తిన్నాను."

చిన్నవెంకటమ్మ
వయసు అరవై మూడు
మారికుప్పం లైను, ఇప్పటికీ ఆ ఇంట్లోనే