లేపరాదు

"రానంటున్నాడా? ఆఫీసరమ్మ మెట్లు దిగి వస్తుంటే ఇప్పుడా చెప్పేది?"

డాక్టరమ్మ గొంతు కీచుగా పలికింది. వైర్ల బాబాయ్ ఫోన్ పక్కన పెట్టి తల గోక్కున్నాడు. నిద్ర ల్యాబుకు వచ్చేవాళ్ల తలలకు వైర్లు అంటించేది ఆయనే కాబట్టి ఆ పేరు.

"నిన్న రాత్రి హాయిగా నిద్ర పట్టేసిందట అమ్మా. ఇక మీతో పనేముంది అంటున్నాడు."

"అంటే మన వైద్యం పనిచేసి మన కొంపే ముంచిందన్నమాట!"

నిద్రపట్టని మనిషిని కళ్లముందే నిద్రపుచ్చి చూపిస్తానని డాక్టరమ్మ ప్రభుత్వానికి మాటిచ్చింది. చూపిస్తేనే పరిశోధనకు నిధులు. లేకపోతే నెలాఖరుకు ల్యాబుకు తాళం పడుతుంది, బాబాయ్‌తో సహా అందరూ ఇంటిదారి పట్టాలి. ఆ దిగులుతో డాక్టరమ్మకే కంటిమీద కునుకు లేదు.

"పోనీ నువ్వు పడుకో బాబాయ్."

"నేనా? నేను నిలబడి కూడా నిద్రపోతాను. అది చూసి నిధులెవరిస్తారమ్మా?"

తలుపు తోసుకుని ఆఫీసరమ్మ వచ్చింది. కళ్లకింద నల్లటి చారలు, చేతిలో క్షణం ఊరుకోని ఫోను. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"త్వరగా కానివ్వండి డాక్టర్ గారూ. పై అంతస్తులో మెలకువ ల్యాబు చూసి వస్తున్నాను. మనిషిని కునుకు తీయకుండా ఎంతసేపైనా కూర్చోబెడతారట. బాగానే ఉంది. అక్కడే నిలబడి ఫోన్లో మార్కులు వేసేశాను. మీకూ వేసేస్తే ఈరోజుకి నా పని అయిపోతుంది. ఏడీ, మీ నిద్రపట్టని మనిషి?"

డాక్టరమ్మ బాబాయ్ వంక చూసింది. బాబాయ్ నేల వంక చూశాడు.

"రాలేదు మేడమ్."

"రాలేదా? మరి నేనేం చూడాలి, ఖాళీ మంచమా?"

డాక్టరమ్మ ఎదుటి మనిషి ముఖంలోకి చూసింది. ఆ కళ్లకింద చారలు అప్పుడు సరిగ్గా కనబడ్డాయి. ఇక తెగించి అడిగేసింది.

"మేడమ్, మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"ఈ ఉద్యోగంలో చేరాక నిద్రెక్కడిదండీ? నిద్రమాత్ర వేసుకుంటే ఆ మాత్ర కూడా నాతోపాటు మేలుకునే ఉంటుంది."

"అయితే మీరే పడుకోండి."

ఆఫీసరమ్మ నవ్వింది. "నేనా! సరే, మీ సరదా ఎందుకు కాదనాలి? రెండు నిమిషాలు పడుకుంటాను. నిద్ర రాకపోతే మాత్రం సున్నా వేసి వెళ్లిపోతాను. తర్వాత నన్ననుకోకూడదు."

జుట్టుకు జిగురు అంటుకుంటుందని ఆమె గొణుగుతుండగానే బాబాయ్ చకచకా వైర్లు అంటించేశాడు. చివర్లో చెయ్యి చాపాడు.

"ఫోను ఇలా ఇవ్వండి మేడమ్. లోపల ఫోనూ ఉండదు, గడియారమూ ఉండదు. టైమ్ చూసుకునేవాళ్లకు నిద్ర రాదు."

మెదడు అలల్ని బట్టి మారే సన్నని శబ్దం ఆమె చెవుల్లో మొదలైంది. డాక్టరమ్మ తలుపు వేసింది. తలుపు మీద ఆమె చేత్తోనే రాసిన బోర్డు: 'నిద్రపోయినవారిని ఎవరూ లేపరాదు.' మధ్యలో లేపితే రికార్డయిందంతా వృథా. ఒకసారి పాపం టీ చల్లారిపోతోందని ఎవరినో లేపినందుకు ఆమె బాబాయ్‌తో నెలరోజులు మాట్లాడలేదు.

బయట కంప్యూటర్ తెరమీద ఆఫీసరమ్మ మెదడు గీతలు పిచ్చిగా ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరమ్మ చెప్పులు విప్పేసి అటూ ఇటూ తిరుగుతోంది. గోళ్లు కొరుకుతోంది. గీతలు కాస్త నెమ్మదించాయి. మళ్లీ ఎగిరాయి. మళ్లీ నెమ్మదించాయి. ఆ తర్వాత వెడల్పాటి అలలై తాపీగా సాగాయి.

"పడుకుందమ్మా!" బాబాయ్ గుసగుసలాడాడు.

డాక్టరమ్మ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చేసింది. ఎంత ఆనందమో ఆమెకే తెలియాలి.

అంతలో బాబాయ్ పెట్టెలో పడేసిన ఆఫీసరమ్మ ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

"ఏం అర్జెంటో ఏమో. లేపుదామా అమ్మా?"

"మనకంటే అర్జెంటు ఎవరికుంది బాబాయ్? ఆ బోర్డు చదువు."

"అది కాదమ్మా, పెద్ద ఆఫీసరు..."

"ఎంత పెద్ద ఆఫీసరైతే అంత గట్టి సాక్ష్యం. పడుకోనీ."

బాబాయ్ ఫోనును తన తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాడు. అక్కడా అది లోపల్లోపల కొట్టుకుంటూనే ఉంది. కారిడార్లో లైట్లు వెలిగాయి. డాక్టరమ్మ మాత్రం కూర్చోలేదు. తెరమీది అలలు చెదిరితే ప్రాణం పోతుందన్నట్టు వాటినే చూస్తూ నడిచింది.

చివరికి తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఆఫీసరమ్మ ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. ముఖం పసిపిల్ల ముఖంలా తేటగా ఉంది.

"కల వచ్చింది డాక్టర్ గారూ! నాకు కల వచ్చి ఎన్నేళ్లయిందో." ఆమె కళ్లు చెమర్చాయి. "పదికి పది. మీకు కాక ఇంకెవరికి ఇస్తాను? ఏదీ, ఫోనివ్వండి, ఇప్పుడే వేసేస్తాను."

డాక్టరమ్మ బాబాయ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాబాయ్ రెండో చేత్తోనే తువ్వాలు విప్పి ఫోను అందించాడు.

ఆఫీసరమ్మ ఫోను చూసింది. నిద్ర తెచ్చిన తేటదనమంతా ముఖంలోంచి ఒక్కసారిగా పోయింది.

"ఇంత పొద్దుపోయిందా? ఒక్కసారి లేపకపోయారా?"

"లేపకూడదు మేడమ్. మా రూలు..."

ఆఫీసరమ్మ తన పైఅధికారి పంపిన మెసేజి వాళ్లకు కనబడేలా ఫోను తిప్పి పట్టుకుంది.

'ఐదింటిదాకా మీ మార్కుల కోసం చూశాం. రాలేదు కాబట్టి నిద్ర ల్యాబు నిధులు కూడా మెలకువ ల్యాబుకే మంజూరు చేశాం.'