అతుకు లేని పట్టాలు

"అది వద్దు నాయనా, ముక్కల పట్టాలు తీసుకో."

అడక్కుండానే సలహా ఇచ్చింది కొట్లో ఓ మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన.

బస్సు డ్రైవరుకు ఒళ్ళు మండింది. అసలే ముక్కుమీద కోపం మనిషి. పైగా ఈ బొమ్మరైలు పట్టాలు ఎంచుకోవడానికి అరపూట సెలవు పెట్టి మరీ వచ్చాడు.

కొట్టతను రెండు రకాలూ బల్లమీద పరిచి ఉంచాడు. ఒకటి జానెడేసి ముక్కలు, ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవాలి. రెండోది గజం పొడవున ఒకే పట్టా, ఎటు వంచితే అటు వంగుతుంది. వంపు తిప్పినప్పుడు లోపలివైపు కమ్మీ కాస్త బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని కత్తిరించుకుంటే సరిపోతుంది. ఆ వంగేదే ఇమ్మన్నాడు డ్రైవరు, అంతలోనే పెద్దాయన అడ్డం పడ్డాడు.

"ఏం, ఈ వంగే పట్టాకేమొచ్చింది?" అన్నాడు డ్రైవరు.

పెద్దాయన లేచొచ్చి దానిమీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు. "దీనికేం, దివ్యంగా ఉంటుంది. అతుకులే తక్కువ. అతుకుండాలి నాయనా. అది దాటినప్పుడల్లా చక్రం టక్కుమంటుంది. బండి ఎక్కడుందో తెలుస్తుంది."

"కళ్ళున్నవాళ్ళకి చప్పుడుతో పనేంటండీ?"

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పెద్దాయన ఏమనుకుంటాడోనని కాదు, ఇంట్లో ఉన్న కూతురు గుర్తొచ్చి.

ఎనిమిదేళ్ళ పిల్ల. చూపు రోజురోజుకీ సన్నగిల్లిపోతోంది. ఆపే మందు లేదని డాక్టరు చెప్పేశాడు. ఉన్న ఆ కాస్త చూపుతో, అందమైన రైలు ఒకటి కొండచుట్టూ తిరుగుతుంటే పిల్ల కంటినిండా చూడాలి. తండ్రికి అంతకుమించిన కోరిక లేదు.

పెద్దాయన నవ్వాడు. "నిజమేలే. ఇంతకీ ఎవరికి?"

"మా అమ్మాయికి. తొందరగా చూడాలది."

"తొందరెందుకు?"

"మీకెందుకండీ అదంతా?" కసురుకున్నాడేగానీ గొంతు వణికింది.

పెద్దాయన పట్టా మీదినుంచి చెయ్యి తీశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "పాపనొకసారి తీసుకురా. నేను మాట్లాడతాను."

పాత సరుకు అంటగట్టడానికి కొట్టతను పెట్టుకున్న మనిషై ఉంటాడనుకున్నాడు డ్రైవరు.

"మీ పని మీరు చూసుకోండి పెద్దాయనా," అని వంగే పట్టాలే కట్టించుకుని చక్కా పోయాడు.

ఇంటికెళ్ళి పని మొదలుపెట్టాడు. పట్టాలు తిన్నగా ఉండగానే చివర్లు కలిపి, సీసం కరిగించి మాటు పెట్టాడు. ఆ తర్వాతే వంచాడు. మాటు పెట్టినచోట ఆకురాయితో రాకి రాకి, గోటికి కూడా తగలనంత నున్నగా చేశాడు. తొందర ఉన్నా పనిలో మాత్రం ఎక్కడా తగ్గలేదు.

పిల్ల బల్లకి గడ్డం ఆనించుకుని చూసింది.

"ఎంత బాగుందో నాన్నా!"

ఆ మాటకే అతని కడుపు నిండిపోయింది.

వానాకాలం వెళ్ళేసరికి ఆ మిగిలిన చూపూ పోయింది.

"రైలు వెయ్యి నాన్నా," అంది పిల్ల ఒకరోజు.

వేశాడు.

"వెయ్యవేం?"

"వేశాను తల్లీ. తిరుగుతోంది."

మోటారు రొద ఉందిగానీ, అది గదంతా ఒకేలా వినిపిస్తోంది. బండి ఎక్కడుందో దానివల్ల తెలియదు.

"ఎక్కడుంది?"

"కొండ దగ్గర."

"ఇప్పుడో?"

"వంతెన మీద."

"ఇప్పుడు?"

డ్రైవరు చెప్పేలోపే బండి వంతెన దాటిపోయింది. పిల్ల తనే చెయ్యి చాచింది. చెయ్యి తగిలి బండి పక్కకి దొర్లిపోయింది. ఆరోజు నుంచి ఆ గదిలోకి రావడం మానేసింది.

ఒకనాడు అన్నం కలిపి పెడుతుంటే అడిగింది. "నాన్నా, నాలాంటివాళ్ళు పెద్దయ్యాక ఏం చేస్తారు?"

డ్రైవరు ఇంకో ముద్ద కలిపి నోటికందించాడు. అతనికి తెలిసినవాళ్ళలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు మరి.

కనీసం ఆ రైలైనా పిల్లకి దక్కాలనుకున్నాడు. మర్నాడే కొట్టుకు పరుగెత్తాడు. మూల కుర్చీ ఖాళీగా ఉంది.

"ముక్కల పట్టాలివ్వండి," అన్నాడు. "ఆవేళ పెద్దాయన చెబితే చెవిన పెట్టలేదు. ఎనిమిదేళ్ళ పిల్లండీ... చూపు పోయింది."

కొట్టతను చేస్తున్న పని ఆపేశాడు.

"మీరేనా! ఆయన మీ గొంతులోనే పట్టేశారు. 'ఆ పిల్లకి చూపు పోతున్నట్టుందిరా' అన్నారు. మీరొస్తారని రోజూ ఎదురుచూశారండీ. మీరొస్తే ఉన్న పట్టాలు పారేయొద్దని చెప్పమన్నారు. కమ్మీ మీద జానెడుకో గాటు పెడితే చాలట, అతుకులాగే పలుకుతుందట."

డ్రైవరు సిగ్గుతో తలొంచుకున్నాడు. "ఆయన కాళ్ళమీద పడాలి నేను. ఇల్లెక్కడ?"

"పోయిన నెలే కాలం చేశారండీ."

డ్రైవరు వెళ్ళి ఆ మూల కుర్చీ మీద చెయ్యి వేశాడు. కన్నవాళ్ళు పోయినంత దుఃఖం వచ్చింది, పేరైనా తెలియని మనిషి కోసం.

"అసలెవరండీ ఆయన?"

కొట్టతను అద్దాల వెనకున్న పెద్ద బల్ల చూపించాడు. దానిమీద కొండలు, సొరంగం, స్టేషను, ప్లాట్‌ఫారం మీద పెట్టెలు మోస్తున్న గోరంత మనుషులు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

"ఇదంతా ఆయన చేతిపనే. బతికినన్నాళ్ళూ ఇవే కట్టారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి కట్టించుకునేవాళ్ళు."

"అంత పనిమంతుడా! కళ్ళకద్దుకోవాలి ఆ చేతుల్ని."

"చేతులతోనే కదండీ ఆయన బతుకంతా! అదేంటి, ఆవేళ అంతసేపు మాట్లాడారే, మీకు తెలియలేదా?" కొట్టతను ఆశ్చర్యపోయాడు. "మీ పాప ఈడులోనే ఆయనకు రెండు కళ్ళూ పోయాయండీ."